సర్వాయి పాపన్న: రెండు కోటలు చెప్పు చరిత్ర

యుద్ధము జరిగిన భూమిని కంటితో చూచుటను చరిత్రపాఠములో ఒక భాగముగా అనేక దేశములవారు పెట్టుకొన్నారు. మొదటి ప్రపంచయుద్ధమున లక్షలకొలది సైనికులు కూలిన ఫ్రాన్సుదేశపు సోమ్ నదీప్రాంతమునకు, వెర్డన్ నగరపు పొలిమేరలకు నేటికిని ఉపాధ్యాయులు తమ విద్యార్థులను తీసికొనిపోవుచుందురు. ఉదయమున బయలుదేరి, త్రోవ తెలిసిన మార్గదర్శి వెంట కందకములను, సమాధులను, పేళ్లు చెక్కిన రాళ్లను చూచి సాయంకాలమునకు తిరిగి వత్తురు. మన దేశమున పానిపట్టునకు, హల్దీఘాటునకు పోవు యాత్రికులు కలరు. తెలంగాణమున మాత్రము ఓరుగల్లు కోటను చూచి మరలిపోవువారే అధికము. ఆ కోటకు పోవు త్రోవలోనే, జనగామ దాటిన తరువాత, మూడు వందల సంవత్సరముల క్రిందట మొగలాయి సేనలను మరల మరల నిలువరించిన రెండు కోటలున్నవి. ఒకటి తాటికొండ. రెండవది ఖిలాషాపురము. ఈ రెంటిని కట్టించి, నిలుపుకొని, తుదకు కోల్పోయినవాడు సర్వాయి పాపన్న.

2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన పాత వరంగల్లు జిల్లాను విభజించి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మున్నగు క్రొత్త జిల్లాలను ఏర్పఱచిరి. అప్పటినుండి ఈ రెండు కోటలును జనగామ జిల్లాలోనివైనవి. ఖిలాషాపురము రఘునాథపల్లి మండలమునకును, తాటికొండ స్టేషను ఘనపురము మండలమునకును చెందినవి. హైదరాబాదునుండి వరంగల్లునకు పోవు రాజమార్గమునకు ఇవి రెండును దూరములు కావు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. పాపన్న జీవితమంతయు ఆ మార్గముతో ముడివడి యున్నది. ఒక్క దినములో రెండు కోటలను చూచి, ఓరుగల్లు కోటను గూడ చుట్టి రావచ్చును. ఆ యాత్రకు వెళ్లదలచిన ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ఉపకరించునట్లు పాపన్న చరిత్రను ఆ కోటల వెంటనే చెప్పుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

మనకు తెలిసినదెట్లు?

పాపన్నను గూర్చి మనకు రెండు త్రోవల సమాచారము వచ్చినది. మొదటిది పారసీక భాషలో ఖాఫీఖాను వ్రాసిన మొగలుల చరిత్ర. ఆతడు ప్రభుత్వపక్షమువాడు. పాపన్నను ఆతడు దొంగ యనియే వ్రాసెను; అయినను దాడులను, ముట్టడులను, సేనల సంఖ్యలను విపులముగా తెలిపెను. రెండవది మన పల్లెలలో గాయకులు పాడుచు వచ్చిన గాథ. దీనిని జె. ఏ. బాయిల్ అను ఆంగ్లేయుడు సేకరించి 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ అను పత్రికయందు ప్రకటించెను. ఈ గాథలో పాపన్న వీరుడు. తరువాతి కాలమున జాన్ రిచర్డ్స్, వెల్చేరు నారాయణరావు గారలును, వారి వెనుక రిచర్డ్ ఈటన్ గారును ఈ రెండు త్రోవలను పక్కపక్కన పెట్టి పరిశీలించిరి.

ఒకే మనుష్యుని గూర్చి కొలువు వారొకటి, కూలివారొకటి చెప్పినప్పుడు చరిత్రకారుని పని కష్టమగును. కాని అట్టి కష్టమే విద్యార్థికి మంచి పాఠము. ఏ పలుకు ఎవరి నోటినుండి వచ్చినదో అడిగి తెలిసికొనుట పాపన్న కథతో నేర్పవచ్చును.

తాటికొండ

జీవితక్రమమును అనుసరింపదలచినవారు మొదట తాటికొండకు పోవలెను. ఖాఫీఖాను పాపన్నను ఈ యూరివానిగా చెప్పుచున్నాడు. ఖిలాషాపురమువారు తమ యూరే ఆతని జన్మస్థలమందురు. జనశ్రుతి ప్రకారము 1650వ సంవత్సరము ఆగష్టు 18వ తేదీన ఆతడు జన్మించెనని యెంచి, ఆ దినమున నేడు జయంతి జరుపుచున్నారు. కులము గౌడకులము. తాళ్లెక్కి కల్లు గీయుట వంశపారంపర్యముగా వచ్చిన వృత్తి. తల్లి పేరు సర్వమ్మ యని గాథ చెప్పుచున్నది.

గాథలో పాపన్న యౌవనముననే తల్లికి ఎదురు నిలుచును. తాను తాడెక్కననియు, గోలకొండపై చేయి వేయుదుననియు తల్లితో వాదించును. ఇది జరిగినదో, పాటగాండ్రు కల్పించినదో నిర్ణయింపజాలము. కాని ఆ కాలమున కులవృత్తిని విడిచి కత్తి పట్టుట సామాన్యమైన కార్యము కాదు. కత్తి పట్టువారు వేఱు, కల్లు గీయువారు వేఱు, కరణీకము చేయువారు వేఱు. ఆ గీతను దాటుటయే పాపన్న మొదటి తిరుగుబాటు. పాట దానితోనే మొదలగుట గమనింపదగినది.

ఖాఫీఖాను చెప్పు ఆరంభము వేఱు. పాపన్నకు ధనవంతురాలైన వితంతు సోదరి యొకతె యుండెను. ఆతడు కొందఱు అనుచరులను కూడగట్టుకొని, ఆమె ఇంటిపై పడి ధనమును, నగలను అపహరించెను. ఆ ధనముతో తాటికొండ గుట్టపై కోటను కట్టుకొని, వరంగల్లు–హైదరాబాదు మార్గమున పోవు వర్తకులను దోచసాగెను. గుట్టపైని కోట, క్రింద రాజమార్గము, ఆ మార్గమున బరువులు మోయు ఎద్దుల బిడారులు: ఈ మూడింటిని కలిపి ఊహించుకొన్నచో ఆతడు ఆ తావునే ఎన్నుకొనుటకు కారణము బోధపడును.

ఆతని అనుచరులై వచ్చినవారెవరు? గాథలో చాకలి, మంగలి, కుమ్మరి, మేదరి, దూదేకుల, ఎరుకల, జక్కుల కులములవారు వత్తురు. హసను, హుసేను అను పేళ్లుగల ముసల్మానులును వత్తురు. భూస్వాముల కుటుంబములనుండి వచ్చినవారు అరుదు. వీరు ఏల వచ్చిరో తెలియవలెనన్న నాటి దేశస్థితిని తెలిసికొనవలెను. 1687లో ఔరంగజేబు గోలకొండను జయించి కుతుబ్షాహీ రాజ్యమును తుదముట్టించెను. పాత ప్రభువులు పోయిరి. వారి క్రింద గ్రామరక్షణ చేయుచు బ్రతుకువారికి కొలువులు పోయినవి. ఉత్తరదేశమునుండి క్రొత్త అధికారులు వచ్చిరి. చక్రవర్తి మహారాష్ట్రులతో యుద్ధము చేయుచు దక్కనులోనే కాలము గడపెను. ఆ యుద్ధమునకు కావలసిన ధనమును పల్లెలు సమకూర్పవలసి వచ్చెను. ఇట్టి కాలమున జీతమిచ్చి, కత్తి యిచ్చి, దోపిడిలో పాలిచ్చు నాయకుడు దొరకినచో నిరాధారులు చేరుట వింత కాదు.

తాటికొండలో ఆతని తొలి ప్రాభవము దీర్ఘకాలము నిలువలేదు. చుట్టుప్రక్కల ఫౌజుదారులును, భూస్వాములును ఏకమై ఆతనిని తఱిమివేసిరి. పాపన్న పాఱిపోయి, నేటి కామారెడ్డి జిల్లాలోని కౌలాసు జమీందారగు వెంకటరావు కొలువున చేరెను. అచ్చటను ఆతడు కుదురుగా నుండలేదు. మరల దోపిడులకు దిగి, తన నేస్తము సర్వనితో గూడ పట్టుబడి కారాగారమున పడెను. కొన్ని మాసములకు జమీందారు కుమారునికి జబ్బు చేసెను. ఖైదీలను విడిపించిన పుణ్యమున కొడుకు స్వస్థుడగునని తలచి, ఆతని తల్లి చెఱసాలలోని వారినందఱిని విడిపించెను. ఒక తల్లి మ్రొక్కు వలన పాపన్నకు రెండవ జీవితము లభించెను.

ఖిలాషాపురము

చెఱ విడిచి వచ్చిన పాపన్న సర్వనితో కలిసి షాపురమును స్థావరము చేసికొనెను. పారసీక గ్రంథమునందలి షాపురమే నేటి ఖిలాషాపురము. ఊరి నడుమ నిలిచియున్న కోట ఎత్తైన రాతి గోడలను, మూలలందలి గుండ్రని బురుజులను చూచినవారికి ఇది దొంగలు దాగుకొను తావుగా తోపదు. రాజ్యము చేయదలచినవాని నివాసముగా తోచును. అందుచేత ఇచ్చట విద్యార్థులను కొంతసేపు నిలుపవలెను. గోడల మందమును, బురుజుల కోణమును చూపి, ఫిరంగి దెబ్బను కాచుకొనుటకు గుండ్రని బురుజు ఏల మేలైనదో చెప్పవలెను.

ఈ గోడలు మొదటి గోడలు కావు. పాపన్న దోపిడులు పెరిగి, స్త్రీలను గూడ అపహరించుచున్నాడని పరిసర గ్రామములనుండి హిందువులును ముసల్మానులును కలిసి ప్రభుత్వమునకు మొఱపెట్టుకొనిరి. హైదరాబాదున అధికారము నెఱపుచున్న రుస్తుం దిల్ ఖాను, కొలనుపాక ఫౌజుదారగు ఖాసింఖానును పంపెను. షాపురము దగ్గఱ జరిగిన పోరున ఖాసింఖాను మరణించెను. అంతట రుస్తుం దిల్ ఖాను తానే సేనతో వచ్చి రెండు మాసములు కోటను ముట్టడించెను. కోట నిలువదని తెలిసికొని పాపన్నయు సర్వడును తప్పించుకొని పోయిరి. ప్రభుత్వసేన ఆ కోటను మందుగుండుతో పేల్చివేసి మరలిపోయెను. సేన తిరిగిపోయిన వెంటనే పాపన్న వచ్చి, ఈ పర్యాయము రాతితో, సున్నముతో గట్టి కోటను కట్టించెను.

ఈ కాలముననే ఆతనికి గొప్ప నష్టము కలిగెను. సర్వనికిని, పుర్దిల్ ఖాను అను మఱియొక అనుచరునికిని కలహము పుట్టి, ఇరువురును ద్వంద్వయుద్ధమున మరణించిరి. మొదటినుండి ప్రక్కన నిలిచిన నేస్తము పోయెను. అటుపిమ్మట దండునకు ఏకైక నాయకుడు పాపన్నయే.

1707లో రుస్తుం దిల్ ఖాను మరల దండెత్తి వచ్చెను. రెండు మూడు మాసములు ముట్టడి సాగెను. తుదకు పాపన్న భారీగా ధనమును సమర్పించగా, ఆ అధికారి ముట్టడిని ఎత్తుకొని పోయెను. దొంగను పట్టవచ్చినవాడు దొంగసొమ్మును పుచ్చుకొని పోవుట ఆనాటి పరిపాలన ఎట్లుండెనో తెలుపుచున్నది. అదే సంవత్సరమున అహమ్మదునగరమున ఔరంగజేబు మరణించెను. ఆతని కుమారులు సింహాసనమునకై పోరాడుకొనసాగిరి. దక్కనున ఎవరి ఆజ్ఞ ఎవరికి చెల్లునో తెలియని స్థితి యేర్పడెను.

ఓరుగల్లు

ఆ యదనును పాపన్న చక్కగా ఉపయోగించుకొనెను. 1708వ సంవత్సరము మార్చి 31వ తేదీ రాత్రి, మొహర్రం పదవదినమునకు ముందటి రాత్రి, ఆతడు రెండు మూడు వేల కాల్బలముతోను, నాలుగైదు వందల రౌతులతోను ఓరుగల్లు చేరెను. నగరమువారు, కాపలావారు సంతాపదినపు సన్నాహములలో మునిగియుండిరి. కొందఱు మార్గములను అడ్డగింపగా తక్కినవారు గోడలపైకి త్రాళ్లు విసరి ఎక్కిరి. ఏప్రిల్ 1వ తేదీ తెల్లవారునప్పటికి నగరము ఆతని వశమయ్యెను. రెండు మూడు దినములు దోపిడి సాగెను. ధనము, వస్త్రములు, విలువైన తివాచీలు షాపురమునకు తరలిపోయినవి.

తరలిపోయినవి వస్తువులు మాత్రమే కావు. నగరమందలి పెద్ద కుటుంబముల స్త్రీలను, పిల్లలను బందీలుగా కొనిపోయిరి. వారిలో ఖాజీ కుమార్తెయు కలదు. ఉన్నత కుటుంబములనుండి పట్టి తెచ్చిన బందీలను ఉంచుటకై షాపురము కోటకు వెలుపల ప్రత్యేకముగా ఒక ప్రాకారమును కట్టించిరి. వరంగల్లు కోటలో కీర్తితోరణములను, రాతి ప్రాకారమును, వెలుపలి మట్టికట్టను చూపునప్పుడు మార్గదర్శి ఈ సంగతిని దాటవేయరాదు. కాకతీయుల వైభవమును చెప్పుటకు ఎందఱో కలరు. ఆ రాత్రి గోడ లోపల నిద్రించిన పిల్లలను గూర్చి చెప్పువారు లేరు.

ఓరుగల్లు సొమ్ము పాపన్న స్థితిని మార్చివేసెను. ఆ ధనముతో ఆతడు రెండు గొట్టముల తుపాకులు 700 కొనెను. పల్లకిలో ఊరేగుచు, చుట్టును అంగరక్షకులను ఉంచుకొని రాజువలె వ్యవహరింపసాగెను. బంజారా వర్తకులనుండి పట్టుకొన్న వేలకొలది ఎద్దులను నాగళ్లకు కట్టించి షాపురపు భూములను దున్నించెను. ఇది ముఖ్యమైన విషయము. దోచుకొని పాఱిపోవువానికి నాగలితో పని లేదు. పంట పండువఱకు నిలిచి యుండవలెనని తలచినవాడే దుక్కి దున్నించును. పాపన్న రాజగుటకు ప్రయత్నించెననుటకు ఖాఫీఖాను తనకు తెలియకయే ఇచ్చిన సాక్ష్యమిది.

రెండు మాసములకు, 1708 జూన్ 1వ తేదీన, మహమ్మదు ప్రవక్త జన్మదినోత్సవ సమయమున, పాపన్న భువనగిరిపై పడెను. పట్టి తెచ్చిన బందీకి ఇంత యని తన వారికి బహుమానములను ప్రకటించెను. ఏకశిలవలె నిలిచిన ఆ కొండను చూచినవారికి అది ఎంతటి సాహసమో తెలియును. ఓరుగల్లులో ఫలించిన ఉపాయము ఇచ్చట సంపూర్ణముగా ఫలింపలేదు. కొందఱు బందీలు చిక్కిరి. కోట మాత్రము చిక్కలేదు. జనగామనుండి పోవువారు భువనగిరిని వేఱొక దినమునకు ఉంచుకొనుట మేలు. హైదరాబాదునుండి వచ్చువారు త్రోవలోనే చూడవచ్చును.

చక్రవర్తి సన్నిధిలో

1709 జనవరిలో హైదరాబాదు దగ్గఱ జరిగిన యుద్ధమున బహదూర్షా తన తమ్ముడగు కాంబక్షును ఓడించి చంపి, దక్కనును స్వాధీనము చేసికొనెను. హైదరాబాదులో కొలువు తీర్చినప్పుడు పాపన్న ఆతనికి 14 లక్షల రూపాయలను కానుకగా సమర్పించెను. సేనకు ఆహారసామగ్రిని గూడ పంపెను. చక్రవర్తి సంతసించి ఆతనికి గౌరవవస్త్రమును ఇచ్చెను. తాళ్లెక్కు కులమున పుట్టిన వ్యక్తి ఢిల్లీ చక్రవర్తిచేత వస్త్రమును పొందుట ఆనాడు ఎంత వింతయో నేటి విద్యార్థి ఊహింపవలెను.

ఆ గౌరవమే ఆతనికి కీడైనది. ఓరుగల్లులో బంధువులను కోల్పోయిన పెద్దలు, షా ఇనాయతు అను మాన్యుని ముందుంచుకొని చక్రవర్తికి మొఱ పెట్టుకొనిరి. తమ బిడ్డలను చెఱపట్టినవానికి సన్మానమేమని వారి వేదన. ఆ మొఱలో కులాభిమానము లేకపోలేదు. కాని బిడ్డలను కోల్పోయిన దుఃఖము అసత్యము కాదు. తుదకు పాపన్నను అణచుమని క్రొత్త సుబేదారగు యూసుఫ్ ఖానునకు ఆజ్ఞ యయ్యెను. ఆతడు దిలావర్ ఖానును సేనతో పంపెను.

ఇంతలో షాపురములోనే అగ్గి పుట్టెను. పాపన్న పొరుగు భూస్వామి యొకని కోటను ముట్టడించుచు వెలుపల నుండెను. కోట లోపల బంధితులైనవారిలో ఆతని భార్య సోదరుడు, ఫౌజుదారు పదవి చేసినవాడు, ఒకడుండెను. ఆమె భోజనముతో పాటు ఆకురాళ్లను రహస్యముగా లోపలికి పంపెను. వానితో ఖైదీలు సంకెళ్లను కోసికొని, కాపలావారిని జయించి, కోటను పట్టుకొనిరి. పాపన్న తిరిగివచ్చునప్పటికి తన ఫిరంగులే తనవైపు తిరిగి యుండెను. ఆతడు ద్వారములకు నిప్పు పెట్టి లోపలికి చొఱబడ ప్రయత్నించెను గాని సాధ్యపడలేదు. వెనుకనుండి దిలావర్ ఖాను సేన వచ్చుచుండెను. పాపన్న షాపురమును విడిచి తాటికొండకు పరువెత్తెను.

ఖిలాషాపురము గోడల చెంత చెప్పవలసిన ముఖ్యమైన కథ ఇదియే. పెద్ద సేనలు చేయలేని పనిని లోపలి బందీలు చేసిరి. అన్నమునకును రక్తసంబంధమునకును నడుమ నిలిచిన ఒక స్త్రీ చేసెను. ఆమె పక్షమున ఏ పాటయు లేదు. మగనికి ద్రోహము చేసెనని కొందఱు తలపవచ్చును. తోడబుట్టినవానిని గొలుసులలో చూచిన ఆడుబిడ్డ ఏమి చేయవలెనో విద్యార్థులనే ఆలోచింపనిండు.

మరల తాటికొండ

ఎచ్చట మొదలిడెనో అచ్చటికే పాపన్న తిరిగివచ్చెను. ఈ పర్యాయము ఆతనిని ముట్టడించినది ప్రభుత్వసేన యొక్కటియే కాదు. చుట్టుప్రక్కల భూస్వాములందఱును తమ బలములతో వచ్చి చేరిరి. ఖాఫీఖాను లెక్కలో వారి బలము 10 లేక 12 వేల రౌతులు, 20 వేల కాలిబంట్లు. మాసములు గడచినవి. 1710 మార్చిలో యూసుఫ్ ఖాను తానే 5, 6 వేల రౌతులతో వచ్చెను. ఆ సంఖ్యలను చూడుడు. సుబేదారు తెచ్చిన బలముకంటె భూస్వాములు తెచ్చిన బలము ఎన్నో రెట్లు. వారిలో హిందువులు అనేకులు. పాపన్నది మతయుద్ధమని చెప్పువారికి ఈ లెక్కయే సమాధానము. ఆతని దండులో ముసల్మానులుండిరి. ఆతనిపైకి వచ్చినవారిలో హిందువులుండిరి. ఒకవైపు భూమియు, పదవియు కలవారు. రెండవవైపు అవి లేనివారు. ఇట్లు చెప్పిన సత్యమునకు దగ్గఱగా నుండును.

గోడలు చేయలేని పనిని తుదకు జీతము చేసెను. కోటను విడిచి వచ్చినవారికి రెట్టింపు జీతము ఇత్తునని యూసుఫ్ ఖాను చాటించెను. ఆకలితో అలసిన బంట్లు ఒకరి వెనుక నొకరు జాఱిపోయిరి. మందుగుండును అయిపోయెను. పాపన్న వేషము మార్చుకొని, తన పాదరక్షలను, హుక్కాను ఒక ద్వారము చెంత విడిచి, వేఱొక ద్వారమున వెడలిపోయెను. కాలికి గాయమయ్యెను. రెండు దినములు ఆతడెచ్చట నున్నాడో ఎవరికిని తెలియలేదు.

గాయముతో ఆతడు హసనాబాదు అను గ్రామమున కల్లు గీయువాని కడకు చేరెను. ఏ వృత్తిని విడిచి కత్తి పట్టెనో ఆ వృత్తివాని ఇంటనే చివరి ఆశ్రయము. అచ్చటనే ఆతనిని గుర్తుపట్టిరి. అచ్చటినుండియే కబురు పోయెను. పట్టుకొని, దాచిన ధనమెచ్చటనని కొన్ని దినములు ప్రశ్నించి, 1710లో ఆతనిని చంపిరి. తలను చక్రవర్తి కొలువునకు పంపిరి. మొండెమును హైదరాబాదు నగరద్వారమున వ్రేలాడదీసిరి. గాథలో మాత్రము పాపన్న శత్రువుల చేత చావడు. తన కత్తితో తానే ప్రాణములు విడుచును. ప్రజలు తమ వానిని ఆ రీతిగా అవమానమునుండి తప్పించిరి.

ఏమని తలంపవలెను?

యాత్రాంతమున విద్యార్థులు అడుగు ప్రశ్న ఒక్కటియే యుండును. ఇతడు దొంగయా, వీరుడా? ఉపాధ్యాయుడు తొందరపడి ఒక మాటలో ఉత్తరమీయరాదు.

ఖిలాషాపురములో నేడు పాపన్న విగ్రహమున్నది. ఊరివారు ఆతనిని సర్దారు అని గౌరవముతో పిలుతురు. మూడు శతాబ్దములు చరిత్రగ్రంథములు తమను ఎంచకున్నను, తమ కులమునుండి కోట కట్టినవాడు ఒకడుండెనని చెప్పుకొనుటలో గౌడకులమువారికి గల గర్వము న్యాయమైనది. తక్కువకులములని త్రోసివేయబడినవారిని ఒక్క దండుగా కూర్చి, మతభేదము పాటింపక నడిపించుట సామాన్యుని వలన అగు కార్యము కాదు. కులవృత్తి విధిలిఖితము కాదని ఆతడు క్రియలో చూపెను. అంత మాత్రమున ఓరుగల్లు బందీల కన్నీరు ఆవిరైపోదు. సోదరి నగలు, వర్తకుల మూటలు, పల్లెలనుండి అపహరింపబడిన స్త్రీలు: వీరి మొఱ పెద్దల కట్టుకథయని కొట్టివేయుటకు ఆధారము లేదు. ఆ మొఱ పెట్టినవారిలో సామాన్యులును ఉండిరి.

ఇంకొక మాట. పాపన్న చేసిన పనులను గెలిచిన రాజులును చేసిరి. నగరములను దోచిరి, బందీలను పట్టిరి, ఆ సొమ్ముతో కోటలు కట్టిరి. వారిని మనము దొంగలనుట లేదు. వంశావళులు వ్రాసి పిల్లలచేత వల్లెవేయించుచున్నాము. పాపన్నకు లేనివి వంశమును, గెలుపును. ఈ తారతమ్యమును గ్రహించిన విద్యార్థి రాజుల చరిత్రలను గూడ వేఱొక కన్నుతో చదువును. పాపన్నను రాజులతో సమముగా పొగడుట కంటె, రాజులను గూడ పాపన్నను తూచిన త్రాసుతోనే తూచుట న్యాయము.

ప్రొద్దు మిగిలినచో అదే జిల్లాలో దేవరుప్పుల మండలమునందలి కడవెండిని చూచి మరలవచ్చును. 1946వ సంవత్సరము జులై 4వ తేదీన, విసునూరు దేశముఖు మనుష్యులు ఊరేగింపుపై తుపాకులు కాల్చగా దొడ్డి కొమరయ్య అచ్చట ప్రాణములర్పించెను. ఆతని స్మారకస్తూపము ఆ యూర నున్నది. పాపన్నకును కొమరయ్యకును నడుమ 236 సంవత్సరములు. పాపన్నపైకి దండెత్తిన భూస్వాముల వంటివారే కొమరయ్య కాలమునను ఆ నేలపై పెత్తనము చేయుచుండిరి. ఈ రెండు తావులను ఒక్క దినమున చూచినవారికి, తెలంగాణ రైతాంగ సాయుధపోరాటము ఒక్కనాడు ఆకాశమునుండి ఊడిపడినది కాదని బోధపడును.

మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాల ఉపాధ్యాయులకును ఈ త్రోవ దూరము కాదు. ఉదయమున బయలుదేరినచో చీకటిపడు వేళకు ఇల్లు చేరవచ్చును. యాత్రకు ముందు బడిలో రెండు కథలను చెప్పుడు: ఖాఫీఖాను వ్రాసినదియు, పల్లె పాడినదియు. కోటల చెంత ఊరి పెద్దలను మాటలాడనిండు. వారు చెప్పునది మూడవ కథ యగును. తిరిగివచ్చిన పిమ్మట పిల్లలచేత నాలుగవదానిని వ్రాయింపుడు. ఆ వ్రాతలో గోడ కట్టినవాడును, గోడ దాటివచ్చినవాడును, గోడ లోపల బందీయైనవాడును, ముగ్గురును ఉండునట్లు చూచుట ఉపాధ్యాయుని బాధ్యత.